చదువుకు నిద్ర శత్రువా?

'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్నారు పెద్దలు. ఆకలైనవాడికి గొడ్డుకారం మెతుకులైనా పరమాన్నమే, నిద్ర ముంచుకొచ్చినవాడికి గట్టు మీది బండైనా పరుపే అని దాని భావం. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం గురించే నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం. శరీరం ఎక్కడ పడితే అక్కడ ఒరిగిపోవచ్చు. కాని ఆ రాత్రి ఎలాంటి నిద్ర పోయామన్నది మన జ్ఞాపకశక్తికి మాత్రం బాగానే తెలుస్తుంది.

పరీక్షలు దగ్గరపడితే మన హాస్టళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. రాత్రి రెండు గంటలకు ఏ గదిలో చూసినా దీపమే. ఫ్లాస్కులో టీ, కాళ్ళకింద చన్నీళ్ళ బకెట్టు. "నేను నాలుగింటిదాకా మేల్కొన్నా" అని ఒకరంటే "నేనసలు పడుకోనే లేదు" అని ఇంకొకరు. నైటౌట్ కొట్టడం అంటే మనలో ఒక గొప్ప. వనవాసంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు నిద్రపోలేదనీ, ఆయన వాటా నిద్ర కూడా ఊర్మిళాదేవే పోయిందనీ మా అవ్వ కథ చెప్పేది. మన హాస్టళ్ళలో ప్రతి ఒక్కరూ లక్ష్మణులే. మరి మన వాటా నిద్రపోవడానికి ఊర్మిళ ఎక్కడుంది?

ఇతరులను వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. మొదటి సంవత్సరంలో ఆ లక్ష్మణుల జాబితాలో నా పేరే ముందుండేది. కెమిస్ట్రీ పరీక్షకు ముందు వరుసగా మూడు రాత్రులు, రాత్రికి రెండు గంటలకు మించకుండా పడుకొని చదివాను. పేపరు చేతికొచ్చింది. కానిజారో చర్య అడిగారు. అది ఎడమచేతి పేజీలో ఉందని గుర్తుంది. పేజీ కింద టీ మరక పడిందని కూడా గుర్తుంది. చర్య మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ పేపరు పోయింది. సప్లిమెంటరీ ఫీజు మా అమ్మ పాలడబ్బులోంచి పంపింది.

ఫీజు పోయినందుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. "మనది మట్టి పిసికే వంశం, ఈ బుర్రలో చదువు నిలవదులే" అనుకున్నాను. పెట్టె సర్దుకొని ఊరికి పోదామనే దాకా వచ్చింది. తరువాత జువాలజీలో నాడీవ్యవస్థ పాఠం చెబుతూ మా లెక్చరరు గారు నిద్ర గురించి ఒక గంట మాట్లాడారు. అప్పటినుంచి దొరికినవల్లా చదువుతూ వచ్చాను. లోపం వంశంలో లేదు, అలవాటులో ఉందని తెలిసింది. తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

జ్ఞాపకం అంటే ఏమిటి?

జ్ఞాపకంలో మూడు మెట్లున్నాయి. విషయాన్ని లోపలికి తీసుకోవడం మొదటిది. తీసుకున్నదాన్ని నిలకడగా స్థిరపరచుకోవడం రెండవది. అవసరమైనప్పుడు బయటికి తీయడం మూడవది. మనం చదువు అని పిలిచేది మొదటి మెట్టును. పరీక్ష మూడవ మెట్టు. మధ్యనున్న రెండవ మెట్టును ఎవరూ పట్టించుకోరు. నిద్రకు ప్రధానమైన పని ఉన్నది అక్కడే.

మరపును మొదట కొలిచి చూసినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, కొంతసేపయ్యాక వాటిని మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కవేశాడు. ఆ లెక్కలను 1885లో ప్రకటించాడు. 20 నిమిషాల తరువాత మిగిలింది 58 శాతం. గంటకు 44 శాతం. సుమారు 9 గంటలకు 36 శాతం. ఒక రోజుకు 34 శాతం. ఈ అంకెలను ఇంకోసారి చూడండి. మొదటి గంటలోనే సగానికి పైగా కారిపోయింది. తొమ్మిదో గంట నుంచి ఇరవైనాలుగో గంట వరకు, అంటే పదిహేను గంటల్లో, పోయింది రెండు శాతమే. ఆ పదిహేను గంటల్లో ఒక రాత్రి నిద్ర కూడా ఉందని మరువకండి.

జ్ఞాపకం మెదడులో ఎక్కడ చేరుతుందన్న ప్రశ్నకు ఒక దురదృష్టవంతుడి ద్వారా జవాబు దొరికింది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ యువకునికి విపరీతంగా మూర్ఛలు వచ్చేవి. 1953లో శస్త్రచికిత్స చేసి, మెదడు రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగంలో చాలావరకు తీసివేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆనాటినుంచి 2008లో చనిపోయేవరకు కొత్త సంగతి ఏదీ అతనికి నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్ళిన మనిషి కాసేపాగి వస్తే కొత్తవాళ్ళే. విచిత్రమేమిటంటే చిన్ననాటి జ్ఞాపకాలు చాలావరకు అలాగే ఉన్నాయి. దీన్నిబట్టి కొత్త జ్ఞాపకం చేరే చోటు ఒకటి, పాత జ్ఞాపకాలు నిలిచే చోటు ఇంకొకటి అని తేలింది. మొదటిది హిప్పోకాంపస్. రెండవది మెదడు పైపొర, అంటే కార్టెక్స్.

నేను పల్లెటూరిదాన్ని కాబట్టి నాకు ఇది కళ్ళం, గాదె లెక్కన అర్థమయింది. పగలంతా చదివింది కళ్ళంలో పోసిన వడ్లు. కళ్ళం చిన్నది. అక్కడే వదిలేస్తే గాలికి పోతుంది, వానకు తడుస్తుంది, కోళ్ళు తింటాయి. తూర్పారబట్టి తాలు తీసేసి గట్టిగింజను గాదెలో పోస్తేనే ఏడాదంతా తినగలం. మెదడులో ఈ తూర్పారబట్టే పనీ, గాదెకెత్తే పనీ ఎక్కువగా రాత్రి నిద్రలోనే జరుగుతాయి.

నిద్రలో జరిగే పని

నిద్ర అంటే దీపం ఆర్పినట్టు మెదడు ఆగిపోవడం కాదు. తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్ తరంగాలను గీయిస్తే నిద్రలో రకాలున్నాయని స్పష్టంగా కనిపిస్తుంది. మొదట తేలిక నిద్ర. దాని తరువాతది కొంచెం చిక్కని నిద్ర. ఇందులో కదురు ఆకారంలో చిన్న చిన్న తరంగాల గుంపులు కనిపిస్తాయి. ఆ పైన గాఢనిద్ర. ఇందులో తరంగాలు పెద్దవిగా, నెమ్మదిగా, చెరువు అలల్లాగా సాగుతాయి. చివరిది కలల నిద్ర. ఇందులో మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరుగెడుతుంటాయి. దీన్ని 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ లోకానికి తెలియజేశారు. అసెరిన్‌స్కీ తన కొడుకును పడుకోబెట్టి, తీగలు అంటించి చూడటంతో ఈ పరిశోధన మొదలైంది.

ఈ రకాలన్నీ ఒకదాని వెంట ఒకటి తిరిగి రావడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. రాత్రికి నాలుగైదు చుట్లు. అయితే అన్ని చుట్లూ ఒకేలా ఉండవు. తొలి సగంలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ. పుస్తకంలోని విషయం, పేర్లు, పదాలు గాదెకెక్కడానికి గాఢనిద్ర చాలా ముఖ్యమని ప్రయోగాలు చెబుతున్నాయి. "మూడింటికి లేచి చదివితే ఏం పోతుంది?" అంటే కలల నిద్ర పోతుంది. "మూడింటిదాకా చదివి పడుకుంటే?" అంటే నిద్ర గంటలు తరగడమే కాకుండా, శరీరంలోని గడియారం దారి తప్పుతుంది. ఎటు కోసినా నష్టమే.

మన గదిలోనే ప్రతిరోజూ జరిగే ఒక రసాయన చర్య కూడా చెప్పాలి. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్రమత్తు పెరుగుతుంది. టీ, కాఫీలలోని కెఫీన్ ఆ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. అందుచేత మత్తు తెలియదు, కాని అడినోసిన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. వాకిలి మూసినంత మాత్రాన అప్పులవాడు ఊరు విడిచి పోతాడా? తాగిన కెఫీన్‌లో సగం కరిగిపోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగిన టీ తెల్లవారుజామున మూడింటికి కూడా సగం ఒంట్లోనే ఉందన్నమాట.

ప్రయోగాలు ఏమంటున్నాయి?

1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఇద్దరు విద్యార్థుల చేత పదేసి అర్థంలేని పదాలు బట్టీపట్టించారు. కొన్నిసార్లు బట్టీపట్టగానే పడుకోనిచ్చారు, కొన్నిసార్లు పగటిపూట మామూలు పనుల్లో ఉండనిచ్చారు. ఎనిమిది గంటల తరువాత అడిగితే, నిద్రపోయినప్పుడు పదింటిలో సగం దాకా చెప్పగలిగారు. మేలుకొని ఉన్నప్పుడు ఒక్కటి చెప్పడమే గగనమయింది. పదాలు అవే తరహావి, మనుషులు వాళ్ళే, గడిచిన సమయం కూడా అంతే!

నిద్ర మరపును ఆపడం మాత్రమే కాదు, మెదడు అప్పుడు పాఠాన్ని తిరగేస్తుంది కూడా అని 1994లో విల్సన్, మెక్‌నాటన్ చూపించారు. ఎలుక ఒక చోట తిరుగుతుంటే హిప్పోకాంపస్‌లో ఒక్కొక్క స్థలానికి ఒక్కొక్క నాడీకణం పలుకుతుంది. తిరుగుతున్నప్పుడు ఏ కణాలు కలిసి పలికాయో, తరువాత గాఢనిద్రలోనూ ఆ కణాలే కలిసి పలికాయి. అంటే ఎలుక పడుకొని ఉన్నా దాని మెదడు పగలు నడిచిన దారిని మళ్ళీ నడుస్తోంది.

2007లో జర్మనీలో జరిగిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. విద్యార్థులు జతల బొమ్మకార్డులు ఏవి ఎక్కడున్నాయో నేర్చుకుంటుండగా గులాబీ వాసన చూపించారు. రాత్రి గాఢనిద్రలో ఉన్నప్పుడు నిద్ర చెదరకుండా అదే వాసన మళ్ళీ చూపించారు. మరునాడు వాళ్ళకు నూటికి 97 వంతులు గుర్తున్నాయి. వాసన చూపించని రాత్రి తరువాత 86 వంతులే. మేలుకొని ఉన్నప్పుడో, కలల నిద్రలోనో చూపిస్తే ఈ లాభం రాలేదు.

ఇక ఈ వ్యాసానికి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రయోగం 2011 నాటిది, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చుంచెలుకల మీద జరిగింది. శాస్త్రజ్ఞులు వాటి నిద్ర గంటలను తగ్గించలేదు. మెదడులో మెలకువ తెప్పించే కణాలను కాంతితో మీటి, నిద్రను ముక్కలు ముక్కలు మాత్రం చేశారు. మొత్తం నిద్ర అంతే ఉన్నా, ముక్కల నిద్రపోయిన చుంచెలుకలు ముందురోజు చూసిన వస్తువుకూ, కొత్త వస్తువుకూ తేడా పోల్చుకోలేకపోయాయి. ఎన్ని గంటలు పడుకున్నామన్నది ఒక్కటే లెక్క కాదు, ఎంతసేపు తెగకుండా పడుకున్నామన్నదీ లెక్కే.

మా నాయన యూరియా

ఈ ప్రయోగం చదివిన రోజు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది రాయలసీమలో ఒక చిన్న ఊరు. బోరు కింద ఎకరన్నర వరి. నా చిన్నతనంలో మోటార్లకు కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి వచ్చేది. రాత్రివంతు వచ్చిందంటే మా నాయన టార్చిలైటు, గొంగడి తీసుకొని మోటారు దగ్గరికి పోయేవాడు. కరెంటు పదకొండింటికి వచ్చి పన్నెండింటికి పోతుంది. మళ్ళీ ఒంటిగంటకు వస్తుంది. వచ్చినప్పుడల్లా లేచి మోటారు వేయాలి, మడవ తిప్పాలి, పాము పుట్రా చూసుకోవాలి. మధ్యమధ్య గట్టు మీద నడుం వాల్చేవాడు. తెల్లారి ఇంటికొచ్చి "బాగానే నిద్రపోయినాలే" అనేవాడు. లెక్కేస్తే ఐదారు గంటలు ఉండేదేమో కూడా. కాని అన్నీ ముక్కలే.

నేను ఏడో తరగతిలో ఉండగా అలాంటి ఒక వారంలో ఆయన యూరియా చల్లిన కయ్యకే రెండు రోజుల తరువాత మళ్ళీ చల్లాడు. పక్క కయ్యకు చల్లనే లేదు. రెండింతలు పడిన కయ్య నల్లగా ఏపుగా పెరిగింది, దోమ పట్టింది, గాలికి పడిపోయింది. "మీ నాయనకు అప్పుడే మతిమరుపొచ్చింది" అని మా అమ్మ నలుగురిలో నవ్వింది. మేమూ నవ్వినాం. ఆయన మాత్రం నవ్వలేదు. "ఆ కయ్యకు వేసినట్టే లేదు పాపా నాకు" అని ఒక్క మాటన్నాడు. ఆ సంగతి చాలారోజులు ఆయనను కొరికింది. ఆ తరువాత ప్రతి పనికీ ముందు మా అమ్మను రెండుసార్లు అడిగేవాడు.

ఆ ఒక్క పొరపాటుకు నిద్రే కారణమని శాస్త్రరీత్యా రుజువు చేయలేను. కాని అప్పట్లో ఆయన వయసు నలభై లోపే. మరునాడు చేసిన పని కళ్ళంలోకి చేరడానికి కూడా ముందురాత్రి మంచి నిద్ర కావాలి. అలసిన మెదడు కొత్త సంగతిని సరిగా లోపలికి తీసుకోలేదు. ఇప్పుడు మా వైపు మోటార్లకు పగలే కరెంటు వస్తోంది. మా నాయన రాత్రిళ్ళు ఇంట్లో పడుకుంటున్నాడు. యూరియా సంగతి ఆయనే నవ్వుతూ చెబుతాడు. మొన్న సెలవుల్లో చుంచెలుకల ప్రయోగం ఆయనకు వివరించాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత "మీ అమ్మకు కూడా ఒకసారి చెప్పు" అన్నాడు.

అలవాటయిపోయింది అనేవారికి

"నాకు ఐదు గంటలు చాలు, అలవాటైపోయింది" అని మనలో చాలామంది అంటారు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు దీన్నీ పరీక్షించారు. వరుసగా 14 రోజులు ఆరు గంటలకో, అంతకన్నా తక్కువకో నిద్రను పరిమితం చేసి చూశారు. రోజురోజుకూ వాళ్ళ ఏకాగ్రత, అప్పటికప్పుడు గుర్తుంచుకొనే శక్తి తగ్గుతూ పోయి, చివరికి ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివారి స్థాయికి చేరాయి. అయితే వాళ్ళను అడిగితే కొంచెం మత్తుగా ఉందని మాత్రమే చెప్పారు. అలవాటైంది నిద్రలేమి కాదు, దాన్ని గుర్తించలేకపోవడం!

2019లో ప్రకటించిన ఇంకొక పరిశోధన నేరుగా మనలాంటివారిపైనే జరిగింది. అమెరికాలో ఎం.ఐ.టి.లో కెమిస్ట్రీ మొదటి కోర్సు చదివే సుమారు వందమంది విద్యార్థుల చేతికి నిద్రను కొలిచే పట్టీలు ఇచ్చి సెమిస్టరంతా గమనించారు. ఎక్కువసేపు, మంచి నిద్ర, రోజూ ఒకే వేళకు పోయినవారికి మార్కులు మెరుగ్గా వచ్చాయి. మార్కుల్లోని తేడాలో దాదాపు నాలుగోవంతు నిద్రలోని తేడాలతో ముడిపడి ఉంది. రాత్రి రెండు దాటాక పడుకున్నవారు అన్ని గంటలూ నిద్రపోయినా వెనుకబడ్డారు. ఇంకో సంగతి వినండి. పరీక్ష ముందురోజు రాత్రి ఒక్కటే బాగా పడుకున్నందువల్ల లాభమేమీ కనిపించలేదు. పాఠం విన్న రోజుల్లో, వారాల్లో పోయిన నిద్రే లెక్కకు వచ్చింది. వడ్లు కళ్ళంలో ఉన్నప్పుడే ఎత్తాలి గాని, గాదె ఖాళీ అయ్యాక వాకిలి ఊడ్చి ఏం లాభం?

మనం చేయగలిగింది

నేను ఆచరించి చూసినవే రాస్తున్నాను. ఒకటి, పడుకొనే వేళ కన్నా లేచే వేళను ముందు స్థిరం చేసుకోవాలి. ఆదివారం కూడా అదే వేళ. రెండు, కష్టమైన పాఠం సాయంత్రం చదివి, పడుకొనేముందు పుస్తకం మూసి ఒకసారి నెమరువేసుకొని నిద్రపోవాలి. తెల్లారి పదినిమిషాలు చూస్తే చాలావరకు అక్కడే ఉంటుంది. మూడు, మధ్యాహ్నం తరువాత టీ మానాలి. నాలుగు, సెల్‌ఫోను మంచానికి చేయి అందనంత దూరంలో పెట్టాలి. అది రాత్రి నాలుగుసార్లు మోగితే మనమూ స్టాన్‌ఫర్డ్ చుంచెలుకలమే. ఐదు, మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు తప్పు కాదు గాని, సాయంత్రం పడుకోకూడదు. మన వయసువారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యుల మాట.

గురకపెడుతూ ఊపిరాడక లేచేవారు, వారాల తరబడి నిద్రపట్టనివారు ఇలాంటి చిట్కాలతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

కొన్ని మన ఒక్కరి చేతిలో లేవు. ఒక గదిలో నలుగురుంటే ఒకరి దీపం ముగ్గురి నిద్ర. అందుచేత మన విద్యార్థిసంఘానికి ఈ సంచిక ద్వారా రెండు విన్నపాలు. రాత్రి పదకొండు తరువాత చదవదలచినవారికి వేరే ఒక గది తెరిపించండి. మిగతా గదుల్లో దీపాలు ఆర్పించే కట్టుబాటు మనమే పెట్టుకుందాం. ఎన్నికల రోజుల్లో నినాదాలు, డప్పులు పదింటికి ఆపించండి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

సప్లిమెంటరీలో ఆ కెమిస్ట్రీ పేపరు నేను పాసయ్యాను. ముందు నెలంతా పదకొండింటికి పడుకొన్నాను. కానిజారో చర్య ఈసారి అడగలేదు గాని, ఇప్పటికీ నాకు వచ్చు. కొత్తగా చేరిన చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ నేను చెప్పదలచుకొన్నది ఇంతే: చదివింది గుర్తులేదని మీ బుర్రనూ, మీ ఇంటినీ తిట్టుకోకండి. ముందు నిన్న రాత్రి ఎలా పడుకున్నారో ఒకసారి లెక్క చూసుకోండి.